ఎండకు పెట్టినవి

హలో… ఆ, నేనే బావగారూ, చెప్పండి. పుట్టగొడుగుల గదిలో ఉన్నాను, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా అందదు. ఆగండి, గుమ్మం దగ్గరికొస్తున్నా… ఆ, ఇప్పుడు వినిపిస్తోందా?

…బాగానే ఉన్నాం. అదే, ఇప్పుడు నేనొక్కణ్ణే కదా… బాగానే ఉన్నాను. మీ చెల్లెలి అలక తీరిందా?

…అలక కాకపోతే ఏంటండీ? చెప్పాపెట్టకుండా పాపని తీసుకుని బస్సెక్కి అన్నగారింటికి వచ్చేస్తే దాన్నేమంటారు? నేను ఫోన్ చేస్తే ఎత్తదు. పాపతో చెప్పిస్తుంది, 'అమ్మ పడుకుంది నాన్నా' అని. మిట్టమధ్యాహ్నం కూడా పడుకునే ఉంటుందట!

…నేనేమన్నాను? ఏమీ అనలేదు. కోత మధ్యలో నేల మీద చతికిలబడింది. లే అన్నాను. లేవలేనంది. పనివాళ్ళంతా చూస్తున్నారు. 'లేవలేకపోతే ఇంటికెళ్ళి పడుకో, ఇక్కడ నాటకాలొద్దు' అన్నాను. అంతే. ఆ ఒక్క ముక్కకే—

…సరే, నాటకాలు అనడం తప్పే. ఒప్పుకుంటున్నాగా. కోపంలో నోరు జారింది. మీరేం మీ ఇంట్లో అక్కయ్యగారిని ఎప్పుడూ ఒక్క మాటా అననట్టు—

…ఒక్క నిమిషం బావగారూ. — తాతా! ఓ తాతా! ఆ ట్రేలు ఇంకా లోపలే ఉన్నాయేంటి? ఎండ నడినెత్తికొచ్చింది! డాబా మీదికి పట్టుకెళ్ళు. తిరగేసి పరచాలి, గొడుగు కింది మడతలు పైకి రావాలి, నిన్నటిలా బోర్లా పెట్టకు! — ఆ, చెప్పండి. ట్రేలు మోసే తాతలెండి. చెవుడు. గొంతు చించుకుంటే తప్ప పని జరగదు.

…ఎండకా? పుట్టగొడుగులే. మీకు చెప్పలేదు కదూ! ఇది మన కొత్త సరుకు. వినండి, మీరే ముక్కు మీద వేలేసుకుంటారు. మనిషి ఒంటికి ఎండ తగిలితే డి విటమిన్ తయారవుతుందంటారు కదా, పుట్టగొడుగుకీ అంతేనట. చీకట్లో పెరిగినంతసేపూ అందులో అది ఉండీ లేనట్టే. కోశాక తిరగేసి కాసేపు మంచి ఎండలో పెడితే, అబ్బో! ఊరికే కోతలు కొయ్యట్లేదు, ల్యాబుకి పంపి పరీక్ష చేయించాను. ఎండకు పెట్టనిదొక పొట్లం, పెట్టినదొక పొట్లం. తేడా చూసి ల్యాబువాళ్ళే నమ్మలేక మళ్ళీ చేశారట. ఇప్పుడు ప్యాకెట్టు మీద పసుప్పచ్చ సూర్యుడి బొమ్మ, కింద పెద్దక్షరాలతో 'డి విటమిన్ గలది'. పెద్ద షాపులవాళ్ళే వెతుక్కుంటూ వస్తున్నారు. ఈ రోజుల్లో సగంమందికి డి తక్కువేనట కదండీ. పొద్దస్తమానం గదుల్లో ఉండేవాళ్ళు, ఎండ మొహం చూడనివాళ్ళు… వాళ్ళంతా మన గిరాకీలే అనుకోండి!

…హలో? బావగారూ? ఉన్నారా?

…మరేంటి మాట్లాడరు? నవ్వుతున్నారా?

…నవ్వట్లేదా.

…ఏ ఆసుపత్రి? ఎవరికి?

…ఎప్పుడు? నాకొక్క ఫోన్ చెయ్యొచ్చు కదా!

…ఇప్పుడు చేసింది అందుకేనా. సరే. చెప్పండి.

…పీట మీద కూర్చుని లేవలేకపోయిందా. మీరూ అక్కయ్యగారూ చెరో రెక్కా పట్టుకుని లేపారా. అదే నేనూ చెప్తున్నది, ఇక్కడ కూడా అట్లాగే—

…లేదు లేదు. మీరే చెప్పండి. నేను మాట్లాడను.

…ఊఁ.

…ఊఁ. ఎక్స్‌రే. తుంటి దగ్గర.

…పగులా? ఎక్కడైనా పడిందా? …మరి పడకుండా ఎముకెలా పగులుతుంది బావగారూ? ఎముకేమన్నా మట్టికుండా?

…మెత్తబడిపోయాయా.

…ఎన్నాళ్ళుగానో అయ్యుంటుందా. ఊఁ.

…రక్తపరీక్షలో ఏం తేలింది?

…మళ్ళీ చెప్పండి.

…డి యా.

…ఎంతుందట? …ఆరు. ఉండాల్సింది? …తక్కువలో తక్కువ ఇరవై ఉండాలా. ఉన్నది ఆరు.

…ఉన్నాను బావగారూ. వింటున్నాను.

— ఏం తాతా? …ఆ? ట్రేలా? …ఏం లేదు, నువ్వెళ్ళు. వెళ్ళవయ్యా బాబూ… వెళ్తూ తలుపు దగ్గరికి వేసెయ్. —

…డాక్టరమ్మ ఏమడిగింది? 'ఎండలోకి వెళ్ళవా అమ్మా, ఏం పని చేస్తావు' అని. …పుట్టగొడుగుల పని అంది.

…ఎందుకు నవ్వింది డాక్టరమ్మ?

…ఓహో. ఏమేం తినాలో అప్పుడే చెప్పుకొస్తోందా. గుడ్డు, చేప… ఎండలో పెట్టిన పుట్టగొడుగులు. చెప్పాక తను పుట్టగొడుగుల పని అనేసరికి, 'ఇంకేం, ఇంట్లోనే ఉన్నాయిగా' అందా.

…తనేమంది మరి?

…తల దించుకుందా. …తను కాదండీ దించుకోవాల్సింది.

…ఎందుకు తింటుందండీ, నేను తిననిస్తే కదా! ఎండకు పెట్టినవి ఒక్కటి కూడా ఇంట్లోకి రాదు. చిరిగినవీ మచ్చపడ్డవీ, ఎవరూ కొననివి, అవీ మా వంటింటికి. ఒకసారి పాపకి వండుతానని గుప్పెడు తీసింది. 'అవి అమ్మేవి, ముట్టుకోకు' అన్నాను. తీసినవి తీసినట్టే మళ్ళీ ట్రేలో పెట్టింది. తిరగేసి, మడతలు పైకి పెట్టి మరీ.

…అవునండీ, తిన్నంతమాత్రాన ఇంత లోటు తీరదని నాకూ అర్థమైంది. మందులే వాడాలి. నేను చెప్పేది తిండి గురించి కాదు. నా బుద్ధి గురించి.

…పొద్దున్నా? ఇంకా తెల్లారకముందే గదిలోకి దిగుతుంది. కోత చల్లపూటే మొదలుపెట్టాలి. అది అయ్యాక తూకం, ప్యాకింగు, నీళ్ళు చల్లడం. బయటికొచ్చేసరికి వీధిలైట్లు వెలిగిపోతాయి. …మధ్యాహ్నం భోజనం కూడా లోపలే. …నేనే చెప్పాను. తలుపు మాటిమాటికీ తీస్తే లోపలి తడి ఆరిపోతుందని. కిటికీలన్నిటికీ నల్ల ప్లాస్టిక్ పట్టా కొట్టాను. ఒక మూల కాస్త ఊడి వెలుగు పడుతుంటే అక్కడ కూర్చుని ప్యాకింగ్ చేసుకునేది. నేను చూసి… ఆ మూల కూడా కొట్టేశాను.

…పనివాళ్ళు వేరండీ. వాళ్ళు సగంపూటకి మారిపోతారు. అట్లా పెడితేనే నిలబడతారు, లేకపోతే మానేస్తారు. తనకి మార్పు లేదు. ఇంటి మనిషి కదా, ఎక్కడికి పోతుందిలే అని.

…నేనా? నేను బయటే. షాపులు, బండి, బేరాలు. నా మొహం చూడండి, మాడిపోయి ఉంటుంది.

…ఆ మాట మీకెవరు చెప్పారు?

…పాపా.

…అవును. అన్నాను.

…బాతు అన్నాను. ఇక్కడ దాయడానికేముంది. ఈమధ్య నడిస్తే అటూ ఇటూ ఊగుతూ నడిచేది. నేనే పెట్టాను ఆ పేరు. పనివాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వారని నేను మళ్ళీ అన్నాను. ఆ తర్వాత ఇక అదే పిలుపైపోయింది. 'బాతుగారూ, ఆ పైఅర చూడండి' అనేవాణ్ణి. …తను కూడా నవ్విందండీ. ఒట్టు. మొదట్లో నవ్వింది.

…తర్వాతా? తర్వాత నేను చూళ్ళేదు.

…ఆ, అదీ నిజమే. పాప వాళ్ళమ్మ వెనకాలే అట్లా ఊగుతూ నడిచి చూపించేది. మీకు చూపించిందా? …మరి నేనేం చేశానో కూడా చెప్పిందా? చప్పట్లు కొట్టాను బావగారూ. 'అచ్చు దింపేశావే బంగారం' అని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. వాళ్ళమ్మ అక్కడే, గోడ పట్టుకుని నిలబడుంది. గోడ ఎందుకు పట్టుకుందో ఇప్పుడు తెలుస్తోంది.

…తిట్టండి.

…తిట్టండి, పర్లేదు. ఇంకా తక్కువే తిడుతున్నారు.

…చెప్పింది. చెప్పకపోవడమేంటి, చెప్తూనే ఉంది. తొడలు పీకుతున్నాయంది. నూనె రాసుకో అన్నాను. నడుం అంది. అందరికీ ఉండేదే అన్నాను. మెట్లెక్కాలంటే మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఎక్కేది. ఒళ్ళు బరువెక్కింది, తిండి తగ్గించు అన్నాను. పడుకున్నాక పక్కకి ఒత్తిగిలలేకపోతున్నాను, కాస్త తిప్పండి అనేది. తిప్పేవాణ్ణి… విసుక్కుంటూ తిప్పేవాణ్ణి.

…పరీక్షా?

…అడిగింది.

…అవునండీ, తనే అడిగింది! 'ఒంట్లో ఏదో తేడాగా ఉంది, ఒకసారి రక్తం చూపించుకుంటాను' అని. నేనేమన్నానో తెలుసా? రోగం రొష్టూ లేనివాళ్ళకి పరీక్షలెందుకే అన్నాను. అదే వారంలో పుట్టగొడుగులు ల్యాబుకి పంపాను. ఐసు పెట్టెలో సర్ది, పైన పాత దుప్పటి చుట్టి, కుదుపులకి నలగకూడదని ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. వాటికేం రోగమొచ్చిందని తీసుకెళ్ళానండీ?

…ఆ సర్దింది కూడా తనే. దుప్పటి తనే చుట్టింది.

…లేదు, ఏడవట్లేదు. ఈ గదిలో తడి ఎక్కువ, జలుబు చేస్తుంది.

…సరే, ఏడుస్తున్నాను. అయితే ఏంటి? నేను ఏడిస్తే ఆ పగులు పూడుతుందా?

…ఇంకొకటుంది. చెప్తే మీరు ఫోన్ పెట్టేస్తారు. …పెట్టెయ్యరా? …ఎండకు పెట్టే పని మొదలైనప్పుడు, ఆ ట్రేలు డాబా మీదికి నేను మోస్తానంది. ఆ పని నాకివ్వండి, కాస్త గాలీ వెలుతురూ తగులుతాయి అంది. నేనేమన్నాను… కాళ్ళు నొప్పులంటావు, ట్రేలు మోస్తానంటావు, ఏది నిజమే అన్నాను. అందరి ముందూ అన్నాను. ఇక నోరెత్తలేదు.

…అసలు సంగతి అది కాదులెండి. తన చెయ్యి చురుకు. తను కోసినట్టు ఇంకెవరూ కొయ్యలేరు, ఒక్క గొడుగు కూడా చిట్లదు. తనని కోత నుంచి తీస్తే పని వెనకబడుతుంది. అందుకని ఆ పని తాతకిచ్చాను. తాత రోజూ డాబా మీద హాయిగా బీడీ కాల్చుకుంటూ కూర్చుంటాడు, పుట్టగొడుగుల పక్కన.

…హలో? పెట్టేశారా?

…ఉన్నారా. అనండి ఏదో ఒకటి.

…మందులిచ్చారా? …ఆ గోళీ వారానికొకటేనా. రోజూ వెయ్యకూడదా? …ఎక్కువైనా ముప్పేనా. అయితే జాగ్రత్తగా చూడండి, తొందరగా తగ్గాలని ఎక్కువ మింగేస్తుందేమో. …కాల్షియం వేరేగా. సరే. …కర్ర సాయంతో నడవాలి, ఆ కాలు మీద బరువు మోపకూడదు. ఊఁ.

…అతుక్కుంటుందా?

…అతుక్కుంటుందన్నారా! ఆపరేషన్ లేకుండానే? మళ్ళీ మామూలుగా నడుస్తుందా? డాక్టరమ్మే అందా, మీరు నా మనసు కోసం అంటున్నారా?

…నెలలు పడితే పట్టనివ్వండి. …మళ్ళీ రక్తం తీసి చూస్తారా? చూడమనండి. ఎన్నిసార్లు చూడాలంటే అన్నిసార్లు చూడమనండి, ప్రతిసారీ నేనొస్తాను. …పాపకి కూడా చేశారా? …బాగానే ఉందా. పోనీలెండి. బడిలో ఎండలో పడి ఆడుతుంది కదా. నేను అది కూడా తిట్టేవాణ్ణి, నల్లబడిపోతావే అని.

…నేనిప్పుడే బయల్దేరతాను బావగారూ. కోతా గీతా తర్వాత. బండి తీస్తే సాయంత్రానికి మీ ఇంటి ముందుంటాను.

…రావద్దా?

…అది మీ మాటా, తన మాటా?

…తన మాటేనా.

…లేదు, తప్పని ఎందుకంటాను. నాకేం హక్కుందని. …పట్టాలన్నీ పీకేస్తానని చెప్పండి. ఈ పూటే పీకేస్తాను. ఆ సూర్యుడి బొమ్మ ప్యాకెట్లన్నీ పొయ్యిలో పెడతానని చెప్పండి. …అవునండీ. దాంతో ఏ ఎముకా అతుక్కోదు. నా మనసు కుదుటపడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు. తెలుసు.

…ఒక్కటడుగుతాను, తనకి చెప్పకండి. బాతు అని పిలిచేవాణ్ణే, దానికెప్పుడైనా మీ దగ్గర ఏడ్చిందా? నా ముందు ఏడవలేదు. మీ ముందు ఏడ్చిందేమోనని. …చెప్పకండి మాత్రం. తన ముందు నిలబడ్డానికి నాకు మొహం లేదు. మీతో కాబట్టి ఇదంతా కక్కాను, తన ముందైతే ఇందులో ఒక్క ముక్క కూడా నోట్లోంచి ఊడిపడేది కాదు.

…ఏంటి?

…స్పీకరా? ఎప్పట్నుంచి?

…మొదట్నుంచీనా. 'అలక తీరిందా' అన్నప్పట్నుంచీ? ఆ సూర్యుడి బొమ్మా, గిరాకీలూ… అన్నీ విందా?

…పక్కనే ఉందా?

…ఇవ్వండి. …ఆగండి, ఒక్క నిమిషం, మొహం తుడుచుకోనివ్వండి. …ఊఁ. ఇవ్వండి.

…నువ్వేనా?

…ఆ. నేనే.

…ఏం చెప్పమంటావు. అన్నీ వినేశావుగా. మీ అన్నయ్య మంచివాడు, నేను రాక్షసుణ్ణి. అంతే.

…సరే, అట్లా మాట్లాడను. జాలి కోసం అనలేదు. …సరే, కొంచెం జాలి కోసమే అన్నాను. అననులే.

…మంచం ఎత్తుగా ఉందా అక్కడ? లేచేటప్పుడు వదిన పట్టుకుంటోందా? …మందులు ఎవరు గుర్తుచేస్తారు? …ఊఁ. …ఇక్కడి పనేం అడక్కు. నువ్వు లేకపోయినా కోతలు అవుతున్నాయి. అంటే… సగం చిట్లిపోతున్నాయి. పోనీ, చిట్లనీ.

…నువ్వు ఇక గదిలోకి రానక్కర్లేదు. ఇంకో మనిషిని పెడతాను. వాళ్ళక్కూడా మార్పులు పెడతాను, తలుపులు తీసిపెడతాను, నువ్వు చెప్పినట్టే—

…అడుగు. ఏదైనా అడుగు.

…రిపోర్టులో అంతా బాగానే ఉందని వచ్చుంటేనా?

…అంటే, ఎక్స్‌రేలో పగులూ కనపడక, రక్తంలో లోటూ తేలక… ఊరికే నువ్వు నొప్పి అంటే, నేను నమ్మేవాణ్ణా అనా నీ ప్రశ్న?

…నమ్మేవాణ్ణే! ఎందుకు నమ్మను, నువ్వు నా—

…

…నిజం చెప్పమంటావు.

…

…లేదు. నమ్మేవాణ్ణి కాదు.

…'చూశావా, ఏమీ లేదు' అని ఆ కాగితం తెచ్చి పనివాళ్ళకి కూడా చూపించేవాణ్ణి.

…హలో? ఉన్నావా? …ఊపిరి వినిపిస్తోంది. ఏదో ఒకటను. తిట్టు పోనీ.

…ఆ. …అవును. నువ్వు చెప్తే సరిపోలేదు. కాగితం చెప్తేగానీ నాకెక్కలేదు. పుట్టగొడుగు సంగతీ అంతే, నీ సంగతీ అంతే.

…కాలు అతుక్కున్నాక చెప్తావా. వస్తావో రావో అప్పుడే చెప్తావా.

…సరే.

…అప్పటిదాకా నేను ఫోన్ చెయ్యకూడదు. …పాపతో మాట్లాడచ్చా? …మీ అన్నయ్య ఫోనుకి చేసి. సరే. నువ్వెట్లా అంటే అట్లాగే.

…వస్తానని ఇప్పుడు మాట ఇవ్వమని నేనడగను. అడగనులే. పెట్టెయ్.

…ఆగు, ఆగు! ఒక్క నిమిషం పెట్టకు. ఇంతసేపూ ఎక్స్‌రే అడిగాను, మందులడిగాను, మంచం ఎత్తు కూడా అడిగాను… ఇదొక్కటీ అడగలేదు. నొప్పిగా ఉందా? ఇప్పుడు, ఈ నిమిషంలో… బాగా నొప్పిగా ఉందా నీకు?

…హలో?

…హలో?